చెయ్యెత్తినందుకు పదిహేను గజాలు

తల్లి లోరీన్ ఆట చూడ్డానికి వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి మార్విస్ టాల్బర్ట్‌కి ముద్ద దిగలేదు. లోరీన్‌కి శనివారం అంటే ఊపిరి సలపని రోజు. మర్నాడు చర్చికి వెళ్ళే ఆ పేట నల్ల ఆడవాళ్ళంతా ముందురోజే ఆమె దుకాణంలో జుట్టు బాగుచేయించుకోవాలి. బంతిని చేతపట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ కాలేజీ ఆటలు కూడా శనివారాలే. అందుకని కొడుకు లార్క్‌మూర్ కాలేజీ జట్టులో చేరి నాలుగేళ్ళవుతున్నా, వాడి ఆటలన్నీ దుకాణం గోడకున్న టీవీలోనే, చేతిలో దువ్వెన పట్టుకుని చూసింది. ఇది వాడికి ఆఖరి ఏడాది. పైగా ఆట హార్లాన్ వాళ్ళతో, వాళ్ళ మైదానంలోనే. మిసిసిపీలో ఆ రెండు కాలేజీల వాళ్ళు ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళేముందు కూడా రెండుసార్లు ఆలోచిస్తారు. దాంతో ఆవిడ దుకాణం తలుపుకి "ఈరోజు మా అబ్బాయి ఆట" అని అట్టముక్క తగిలించి, కారేసుకుని వచ్చేసింది.

నవంబరు ఎండ మెత్తగా ఉంది. స్టేడియం బయట పొద్దున్నుంచీ ఎవరి పొయ్యి మీద వాళ్ళు పంది పక్కటెముకలు కాలుస్తున్నారు. ఆ పొగ మైదానం లోపలికి కూడా వచ్చింది. మార్విస్ బయటికి పరిగెత్తుకొస్తూ పడమటి గ్యాలరీ వైపు చూశాడు. తల్లి వాడి నాలుగో నంబరు చొక్కా వేసుకుని, పెద్ద టోపీ పెట్టుకుని, చుట్టుపక్కల వాళ్ళందరికీ అప్పుడే ఏదో చెప్తూ కనిపించింది.

"మీ అమ్మ ఏదిరా?" అని అడిగాడు వెస్ ఓల్డ్‌హామ్. మార్విస్‌తో పాటే జట్టులో చేరిన తెల్ల కుర్రాడు. ఎద్దులాంటి మనిషి. వాళ్ళ నాన్నకి డెల్టాలో చేపల చెరువులున్నాయి.

"ఆ టోపీ."

"అది టోపీయా? వెనకాల వాళ్ళకి ఆట కనిపిస్తుందంటావా?"

"వెళ్ళి చెప్పు ఆవిడకి. తర్వాత నీ శవాన్ని నేనే మీ చెరువులో వేస్తా."

ఆట నువ్వా నేనా అన్నట్టు సాగింది. రెండో సగం మొదట్లో హార్లాన్ జట్టులో బంతి విసిరే గ్రేడీ సాటర్‌ఫీల్డ్ ఈసారి విసరకుండా తనే పట్టుకుని పరిగెత్తి, దాటితే ఆరు పాయింట్లిచ్చే చివరి గీత దాటాడు. సాటర్‌ఫీల్డ్ అంటే రాష్ట్రమంతా తెలుసు. ట్రక్కుల ప్రకటనల్లో నవ్వే తెల్ల మొహం అతనిదే. గీత దాటిన వాడు బంతి పక్కన పారేసి, గడ్డి మీద బోర్లా పడుకుని రెండు చేతులూ ఆడిస్తూ ఈత కొట్టాడు. వాళ్ళ జట్టు వాళ్ళు ముగ్గురు వచ్చి లేని గాలం వేసి లాగారు. చేపలా గిలగిల కొట్టుకుంటూ లేచాడు. స్టేడియం గొల్లుమంది. గీత దగ్గరున్న రిఫరీ, తెల్లమీసాల పెద్దాయన, ఆయనా నవ్వాడు. నవ్వి, వంగి బంతి తీసుకున్నాడు.

"జెండా ఏది?" అన్నాడు మార్విస్.

"ఏ జెండా?" అన్నాడు వెస్.

కాలేజీ ఆటలో సంబరానికి ఒక నిబంధన ఉంది. గీత దాటినవాడు బంతి రిఫరీకిచ్చి వచ్చేయాలి. జనం చూపు తనవైపు తిప్పుకోవడానికి చేష్టలు చేస్తే, ముందే అనుకున్న ఆటలేవైనా ఆడితే, రిఫరీ నడుముకున్న పసుప్పచ్చ జెండా తీసి నేలకేసి కొడతాడు. ఆ జట్టుకి పదిహేను గజాల శిక్ష. ఎంతవరకు ముచ్చట, ఎక్కణ్ణుంచి మితిమీరడం అన్నది మాత్రం రిఫరీ కంటికి వదిలేశారు.

"ఈత కొట్టాడురా. ముగ్గురు గాలం వేశారు."

"సర్లే, పోనీ. వాడి బతుకు అది," అన్నాడు వెస్.

ఆట చివరికొచ్చింది. లార్క్‌మూర్ ఆరు పాయింట్లు వెనకబడి ఉంది. నిమిషం కూడా మిగల్లేదు. బంతి గాల్లోకి లేచింది. మార్విస్ వెనక్కి చూడకుండానే పరిగెత్తి, మెడ తిప్పేసరికి అది భుజం మీదకి వచ్చేసింది. ఇద్దరు మీద పడ్డారు. ఒకణ్ణి వదిలించుకున్నాడు, రెండోవాణ్ణి ఈడ్చుకుంటూ గీత దాటాడు. లేచి నిలబడ్డాడు. బంతి జాగ్రత్తగా తెల్లమీసాల ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు. అప్పుడు గుండె మీద అరచేత్తో రెండుసార్లు తట్టుకుని, పడమటి గ్యాలరీలో టోపీ వైపు చెయ్యెత్తాడు.

అంతే. ఊపిరి పీల్చి వదిలేంత సేపు.

జెండా వాడి బూటు పక్కన పడింది.

ఏదో పొరపాటనుకున్నాడు మార్విస్. వెనక ఎవరో తోసుకున్నారేమో అని చూశాడు. ఎవరూ లేరు. మైకులో గొంతు వినిపించింది: క్రీడామర్యాద తప్పడం, లార్క్‌మూర్ నాలుగో నంబరు, పదిహేను గజాలు.

"సార్, నేనేం చేశాను?" అని అడిగాడు.

"నీకు తెలుసు," అన్నాడాయన, వాడి మొహం చూడకుండా.

తర్వాత కిక్‌తో లార్క్‌మూర్ ఒక్క పాయింటు ముందుకెళ్ళింది. కానీ శిక్ష వల్ల, బంతిని అవతలివాళ్ళకి అప్పగించే కిక్‌ని పదిహేను గజాలు వెనక నుంచి తన్నాల్సి వచ్చింది. అది దూరం పోలేదు. హార్లాన్ వాళ్ళకి సగం మైదానం ఊరికే దొరికినట్టయింది. సాటర్‌ఫీల్డ్ రెండుసార్లు విసిరాడు. వాళ్ళ కిక్కర్ వచ్చి బంతిని గోల్ కర్రల మధ్య నుంచి తన్నాడు, మూడు పాయింట్లు. గడియారం ఆగిపోయింది. రెండు పాయింట్ల తేడాతో లార్క్‌మూర్ ఓడింది.

బస్సుల దగ్గర కంచె అవతల లోరీన్ నిలబడి ఉంది. టోపీ చేతిలో పట్టుకుంది.

"నాకు చెయ్యెత్తినందుకేనా?" అంది.

"కాదమ్మా."

"అబద్ధం ఆడకు. పెద్ద తెర మీద తిప్పి తిప్పి చూపించారు. నా వెనకాల కూర్చున్నవాడు నీ నంబరు చొక్కా చూసి నన్నే తిట్టాడు."

"ఏమన్నాడు?"

"ఏదో అన్నాడులే." లోరీన్ టోపీ అంచు నలుపుతూ నిలబడింది. "నేను రాకుండా ఉండాల్సిందిరా నాన్నా."

ఓడిపోయినందుకు మార్విస్‌కి ఏడుపొచ్చింది గానీ, కోపం వచ్చింది మాత్రం ఆ మాటకి. నాలుగేళ్ళకి ఒక్క శనివారం దుకాణం మూసుకుని వచ్చిన మనిషి, వచ్చినందుకు తనని తానే తప్పుపట్టుకుంటోంది. ఆ తెల్లమీసాలాయన ఈపాటికి ఇంటిదారి పట్టి ఉంటాడు. ఆయన మెడ పట్టుకుని ఇక్కడికి తెచ్చి, ఈ మొహం చూపించి, ఇప్పుడు చెప్పు నేనేం చేశానో అని అడగాలనిపించింది.

బస్సులో అందరూ ఫోన్లు చూస్తున్నారు. ఎవరూ వాడి వంక చూడలేదు. ఎవడి ఫోన్లోనో హెడ్ కోచ్ రిక్ బ్రానిగన్ గొంతు మోగుతోంది. విలేకరుల ముందు మాట్లాడుతున్నాడు. "ఒక కుర్రాడు జట్టు కంటే తనే గొప్పవాణ్ణనుకున్నాడు. ఇంతమంది చెమట ఒక్కడి స్వార్థానికి పోయింది. మా దగ్గర ఇలాంటివి సహించం."

"ఆపరా అది," అన్నాడు వెస్. ఆ కుర్రాడు ఆపేశాడు. కానీ అప్పటికే విన్నారు అందరూ.

ఆదివారం ఒక విలేకరి ఫోన్ చేస్తే మార్విస్ ఉన్నదున్నట్టు చెప్పాడు. "సాటర్‌ఫీల్డ్ ఈత కొట్టాడు. అదే గీత, అదే రిఫరీ. జెండా లేదు. నేను మా అమ్మకి చెయ్యెత్తాను. నాకు పడింది. ఎందుకో చెప్పమనండి." సాయంత్రానికి నెట్‌లో ఆ మాటలకింద వందలాది జనం చేరారు. ఏడుపుగొట్టు అన్నారు. సాకులు వెతుక్కుంటున్నాడన్నారు. ఇంట్లో పెంపకం అన్నారు. వాళ్ళలో సగంమంది లార్క్‌మూర్ అభిమానులే. సోమవారం పొద్దున ఆటలు నడిపే సంఘం వాళ్ళు ఒక ప్రకటన వదిలారు. జెండా నిబంధన ప్రకారమే పడిందట. పడని జెండాల గురించి మాట్లాడరట.

అదే పొద్దున బ్రానిగన్ జట్టంతటినీ కూర్చోబెట్టాడు.

"మార్విస్, లేచి వీళ్ళందరికీ క్షమాపణ చెప్పు."

మార్విస్ లేచాడు. "కోచ్, సాటర్‌ఫీల్డ్ ఈత కొట్టడం మీరు చూశారా?"

"వాడు నా జట్టు కాదు."

"రిఫరీ ఇద్దరికీ ఒకడే కదా?"

"నేనడిగింది క్షమాపణ."

మార్విస్ ఆ మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. వెస్ నేలచూపు చూస్తున్నాడు.

"మా అమ్మకి చెయ్యెత్తినందుకు అందరూ క్షమించండి," అన్నాడు.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమని ఆపుకున్నారు. బ్రానిగన్ మెడ ఎర్రబడింది. "తర్వాతి ఆటలో మొదటి సగం నువ్వు బెంచీ మీదే. వెళ్ళు."

బయట వరండాలో కోచ్ ఐవరీ పట్టుకున్నాడు. బంతి అందుకునే కుర్రాళ్ళకి ఆయనే నేర్పుతాడు. యాభై దాటిన నల్లాయన, ఆయన కూడా ఇదే కాలేజీలో ఆడాడు.

"మింగేయ్ రా. నువ్వు బాధపడతావని నాకు తెలుసు. మా రోజుల్లో మేం నవ్వినా జెండా పడేది. మింగి ఊరుకున్నాం. అందుకే ఇవాళ నేనిక్కడ ఉన్నాను."

"మీరు మింగి ఊరుకున్నారు కాబట్టి ఇవాళ మాకూ మింగడమే నేర్పుతున్నారు," అన్నాడు మార్విస్.

ఐవరీ చెంప మీద కొట్టినట్టు ఆగిపోయాడు. ఆ మాట అన్నందుకు తర్వాత మార్విస్ బాధపడ్డాడు గానీ, వెనక్కి మాత్రం తీసుకోలేదు.

వెస్ వాణ్ణి బలవంతాన ఊరి చివర చేపల హోటలుకి లాక్కెళ్ళాడు. మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన చేపలు ప్లేటు నిండా తెప్పించాడు. మార్విస్ ముట్టుకోలేదు.

"తినరా. ఇవి మా నాన్న చెరువువే. ఒక్కొక్కదాని పేరు కూడా చెప్తా."

"వెస్, నీకేమనిపించింది? నిజం చెప్పు."

వెస్ చేప నములుతూ ఆలోచించాడు. "నిజం చెప్పమంటావా? అన్యాయమే. కానీ నిబంధన అంటూ ఉంది కదరా. బంతి ఇచ్చేసి వచ్చేస్తే సరిపోయేది. నేనైతే వచ్చేసేవాణ్ణి."

"నువ్వు చెయ్యెత్తితే జెండా పడదు."

"ఎందుకు పడదు?"

"నీకు తెలీదా ఎందుకో?"

వెస్ నమలడం ఆపాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ ముసలాయన ఆ రోజు పొరపాటు చేశాడు. కాదనను. కానీ ప్రతిదానికీ రంగు పులమకు. హార్లాన్‌లో కూడా నీ రంగు వాళ్ళున్నారు, వాళ్ళూ సంబరాలు చేసుకున్నారు. జెండా మొహం చూసి పడదురా."

"నాలుగేళ్ళు నా పక్కన ఆడావు. మన జట్టులో సంబరానికి ఎవరెవరికి జెండా పడిందో ఒక్కసారి గుర్తు తెచ్చుకో."

వెస్ గుర్తు తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా చెప్పలేదు. చేతులు తుడుచుకుని, "సరే, పందెం," అన్నాడు. "వచ్చే ఆటలో నేను గీత దాటితే అచ్చం నువ్వు చేసిందే చేస్తా. గుండె మీద రెండు, మా నాన్న వైపు చెయ్యి. జెండా పడుతుంది చూడు. అప్పుడైనా నోరుమూసుకుంటావా?"

"చెయ్యి," అన్నాడు మార్విస్. "పడదు." కుర్చీ వెనక్కి తోసి లేచి వెళ్ళిపోయాడు.

ఆఖరి ఆట సొంత మైదానంలో, టెనెసీ నుంచి వచ్చిన ఒక చిన్న కాలేజీతో. లోరీన్ రాలేదు. రమ్మని మార్విస్ ఫోన్ చేస్తే, "వద్దులేరా, నేను టీవీలో చూస్తా," అంది. ఈసారి రిఫరీలు వేరే. గీత దగ్గర నిలబడింది బట్టతల మనిషి, నలభై కూడా ఉండవు. మార్విస్ బెంచీ మీద కూర్చుని హెల్మెట్ పట్టీ కొరుకుతున్నాడు.

మొదటి సగంలోనే వెస్‌కి బంతి అందింది. వాడి పరుగు బీరువా దొర్లినట్టు ఉంటుంది. ముగ్గుర్ని మోసుకుంటూ గీత దాటాడు. లేచి, బంతి రిఫరీ కాళ్ళ దగ్గర పెట్టాడు. గుండె మీద రెండుసార్లు తట్టుకున్నాడు. తండ్రి కూర్చున్న వైపు చెయ్యెత్తాడు. ఎత్తినవాడు దించలేదు. రిఫరీ వైపే చూస్తూ అలాగే పట్టుకున్నాడు. మార్విస్ ఎంతసేపు పట్టుకున్నాడో దానికి మూడింతలు పట్టుకున్నాడు.

బట్టతలాయన బంతి తీసుకున్నాడు. వెస్ భుజం తట్టాడు. "మంచి ఆట ఆడావు బాబూ."

"సార్, మీరు జెండా మర్చిపోయారు," అన్నాడు వెస్.

ఆయన నవ్వాడు. "వెళ్ళు వెళ్ళు, మీవాళ్ళు కిక్ కొట్టాలి."

వెస్ బెంచీ దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. మార్విస్ పక్కన ఖాళీ ఉన్నా అక్కడ కూర్చోకుండా అవతలి కొసకి వెళ్ళి కూర్చున్నాడు. పందెం గెలిచినందుకు మార్విస్‌కి సంతోషం కలగలేదు. ఇన్నాళ్ళూ మనసులో ఒక మూల, ఆ రోజు ఎండ ఆయన కళ్ళలో పడిందేమో, తను చెయ్యి మరీ పైకెత్తాడేమో అని చిన్న సందు ఉండేది. ఇప్పుడు అదీ మూసుకుపోయింది. రిఫరీ మారాడు. కన్ను మారలేదు.

రెండో సగంలో వాణ్ణి ఆడనిచ్చారు. కాసేపటికే బంతి వచ్చింది. పక్కగీత వెంబడి ఎవరికీ అందకుండా పరిగెత్తాడు. గీత దాటాక ఆగి, వెనక్కి నడిచి వచ్చి, బంతిని రెండు చేతుల్తో రిఫరీ చేతిలో పెట్టాడు. "సార్," అన్నాడు. చేతులు ఒంటికి ఆనించుకుని తిరిగాడు. గ్యాలరీ వైపు తలెత్తలేదు.

అప్పుడే వెస్ పరిగెత్తుకుంటూ వచ్చి వాణ్ణి నడుం దగ్గర పట్టుకుని భుజమ్మీదికి ఎత్తేశాడు. రెండుసార్లు గిర్రున తిప్పాడు. కేకలు పెట్టింది వెస్. మార్విస్ చేతులు కర్రల్లా బిగుసుకుని అలాగే ఉన్నాయి.

"దించరా. దించు," అంటున్నాడు.

జెండా పడింది. మైకులో గొంతు వచ్చింది: లార్క్‌మూర్, నాలుగో నంబరు.

వెస్ స్నేహితుణ్ణి దించి, అలాగే నిలబడిపోయాడు. తర్వాత బట్టతలాయన మీదికి నడిచాడు. "ఎత్తింది నేను. తిప్పింది నేను. అరిచింది నేను. నా వీపు మీద ఎనభై ఏడు అని ఇంత పెద్ద అంకె ఉంది. చదవడం రాదా మీకు?"

"నువ్వు పక్కకెళ్ళు బాబూ. నీకు సంబంధం లేదు."

"నాకే సంబంధం. ఇందాక చెయ్యి దించకుండా నిలబడ్డాను, భుజం తట్టారు. వాడు మీకు సార్ అని బంతి చేతికిచ్చాడు. వాడికి జెండానా?"

వంగి ఆ జెండా తీశాడు. తన గుండెకి ఆనించుకుని, "ఇది నాది. నా నంబరు చెప్పండి," అన్నాడు.

జెండా ముట్టుకున్నవాణ్ణి మైదానం బయటికి పంపేయాలి. అది అందరికీ తెలుసు. బట్టతలాయన మాత్రం చెయ్యి చాచి, చిన్నపిల్లాడి చేతిలో కత్తెర తీసుకున్నట్టు జెండా తీసుకున్నాడు. "వేడి మీదున్నావు. నీళ్ళు తాగు," అన్నాడు. అంతే. వెస్‌కి జెండా లేదు, శిక్ష లేదు. నాలుగో నంబరుకి మాత్రం పదిహేను గజాలు.

ఆ ఆట లార్క్‌మూర్ తేలిగ్గానే గెలిచింది. బట్టలు మార్చుకునే గదిలో పాటలు మోగుతున్నాయి. వెస్ వచ్చి మార్విస్ ముందు నేలమీద కూర్చున్నాడు. బూట్లు కూడా విప్పలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు చెప్పింది నిజమేరా."

మార్విస్ మోకాలికి చుట్టిన పట్టీ విప్పుతున్నాడు.

"ఏదో ఒకటి అనరా."

"ఏమనాలి? థాంక్స్ చెప్పాలా?"

"అది కాదు."

"నేను చెప్పినప్పుడు నీకు సరిపోలేదు. నాలుగేళ్ళుగా పక్కనే ఉన్నవాణ్ణి, నా మాట సరిపోలేదు. నీ చేత్తో నువ్వు చేసి, నీ కంటితో నువ్వు చూస్తే గానీ నిజం కాలేదు. నీకు అది తెలిసేసరికి నాకు ఇంకో జెండా పడింది."

వెస్ బూటు లేసు విప్పబోయి ఆపాడు. "నేనిప్పుడు ఏం చెయ్యను?" అన్నాడు.

"ఈసారి నేనేదైనా చెప్తే మొదటిసారే నమ్ము."

వెస్ లేచి, ఎవరికీ చెప్పకుండా, మట్టి బట్టలతోనే విలేకరుల గదిలోకి వెళ్ళాడు. ఉన్నదంతా చెప్పాడు. చేపల హోటల్లో తనన్న మాట కూడా దాచలేదు. "నేను వాణ్ణి నమ్మలేదు. సిగ్గుగా ఉంది," అన్నాడు. బ్రానిగన్ మైకు దగ్గర నుంచి లాగబోతే భుజం విదిలించుకున్నాడు.

మర్నాడు చర్చి అయ్యాక లోరీన్ ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. దుకాణానికొచ్చే ఎర్నెస్టీన్ అనే పెద్దావిడ పేపరు పట్టుకుని ఏకంగా ఇంటికే వచ్చింది. మార్విస్ అక్కడే సోఫాలో పడుకుని ఉన్నాడు.

"చూశావా లోరీన్, మొదటి పేజీలో. 'స్నేహితుడి కోసం నిలబడ్డ వెస్ ఓల్డ్‌హామ్.' ఆ తెల్ల పిల్లాడిది బంగారం లాంటి మనసమ్మా."

"బంగారమే," అంది లోరీన్. ఉల్లిపాయలు తరుగుతూ ఆగింది. "మా వాడు ఇదే మాట మొన్న చెప్పాడు. అప్పుడేమన్నారు పిన్నీ? ఏడుపుగొట్టన్నారు. నా పెంపకాన్నన్నారు. ఆ పిల్లాడి నోట్లోంచి వచ్చేసరికి మొదటి పేజీ అయింది. ఆ పేపర్లో మా వాడి బొమ్మ ఎక్కడుందో చూపించు."

ఎర్నెస్టీన్ పేజీలు తిప్పింది. వెస్ బొమ్మ పక్కన, సగం వీపు, నాలుగో నంబరు కనిపించింది. మొహం లేదు.

మార్విస్ లేచి పెరట్లోకి వెళ్ళాడు. వెస్ మీద కోపం లేదు. వాడు చెప్పగలిగినదంతా చెప్పాడు. వాడు నోరు తెరవగానే దేశం చెవి పెట్టడమే మార్విస్‌కి మింగుడుపడలేదు. కంచె కర్రని బూటుతో తన్నాడు. అది విరగలేదు. వాడి కాలు మాత్రం వాచింది.

ఆ వారంలోనే సంఘం వాళ్ళు ఇంకో ప్రకటన వదిలారు. సంబరాల నిబంధన అమలును సమీక్షిస్తారట. వెస్ నిజాయితీని మెచ్చుకున్నారు. మార్విస్ పేరు ఎత్తలేదు. హార్లాన్‌తో పోయిన ఆట పోయినట్టే ఉంది.

బ్రానిగన్ వాణ్ణి తన గదికి పిలిపించాడు. తలుపేశాడు. కూర్చోమన్నాడు, మార్విస్ కూర్చోలేదు.

"చూడు బాబూ. ఆ రోజు ఓడిన మంటలో ఉన్నాను. నీ గురించి కొంచెం తొందరపడి మాట్లాడాను. నువ్వు మంచి కుర్రాడివి. అది నీకు చెప్పాలనుకున్నా." చెయ్యి చాచాడు.

మార్విస్ ఆ చేతి వంక చూశాడు. "ఆ మాట ఇక్కడెందుకు చెప్తున్నారు?"

"అంటే?"

"నన్ను స్వార్థపరుడన్నది కెమెరాల ముందు. మంచివాణ్ణని తలుపేసి చెప్తున్నారు. అన్నచోటే ఈ మాట కూడా అనండి."

"అదంతా అయిపోయిందిరా. మళ్ళీ ఎందుకు తవ్వడం?"

"మీకు అయిపోయింది. మా అమ్మని వెనక సీటువాడు తిట్టాడు. ఏమని తిట్టాడో ఆవిడ నాకు ఇప్పటికీ చెప్పలేదు. జెండా పడ్డప్పుడే మీరు రిఫరీని ఒక్క మాట అడిగి ఉంటే, వాడు అలా అనేవాడు కాదు."

"నేను జట్టుని కాపాడుకోవాలి."

"నేను మీ జట్టు కాదా?"

బ్రానిగన్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. కాసేపటికి దాన్ని తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. "ఆ కోపం తగ్గించుకో. అది నీ బతుకు పాడుచేస్తుంది," అన్నాడు. మార్విస్ తలుపు తెరుచుకుని బయటికి వచ్చాడు. వరండాలో ఐవరీ నిలబడి ఉన్నాడు. లోపలి మాటలు విన్నట్టే ఉంది. ఏమీ అనకుండా పక్కకి జరిగి దారిచ్చి, వాడు దాటుతుంటే వీపు మీద చెయ్యి వేసి తీసేశాడు.

ఆఖరి ఏడాది కుర్రాళ్ళకి ఇచ్చే విందుకి మార్విస్ వెళ్ళలేదు. తనూ మానేస్తానని వెస్ అంటే, "నువ్వు వెళ్ళు. నాకోసం ఇంకేమీ చెయ్యకు, దండం పెడతా," అన్నాడు. వెస్ మొహం ముడుచుకుని వెళ్ళాడు. బ్రానిగన్ ఆ మాట కెమెరాల ముందు ఎన్నడూ చెప్పలేదు.

వసంతంలో, జీతాలిచ్చి ఆడించే వృత్తి జట్ల వాళ్ళు కుర్రాళ్ళకి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఒక జట్టు మనిషి మార్విస్‌కి చేశాడు. వేగం గురించి, మోకాలి గురించి అడిగాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీ కోచ్‌తో మాట్లాడాను. ఆట బాగా ఆడతావన్నాడు. కాస్త కోపిష్టి అన్నాడు."

"నిజమే సార్. కోపిష్టినే."

అవతలి మనిషి ఆ జవాబు ఊహించలేదు. "అది... దాన్ని అదుపులో పెట్టుకోగలవా?"

"కోపం ఎందుకో ఆయన చెప్పాడా?"

"లేదు."

"అయితే నేను చెప్తాను. మీకు టైముందా?"

మార్విస్ మొదట్నుంచి చెప్పాడు. తల్లి దుకాణం మూసుకుని రావడం, ఈత, గాలం, చెయ్యి, జెండా, క్షమాపణ, వెస్, రెండో జెండా, తలుపేసిన గది. గొంతు తగ్గించలేదు. ఎక్కడా మెత్తబడలేదు. ఆ మనిషి మధ్యలో రెండుసార్లు "ఊఁ" అన్నాడు. చివరికి, "సరే బాబూ, మళ్ళీ ఫోన్ చేస్తాం," అన్నాడు.

వాళ్ళు మళ్ళీ చెయ్యలేదు. మేలో ఇంకో జట్టు వాళ్ళు చేశారు. వాళ్ళూ కోపం గురించే అడిగారు. వాళ్ళకీ మొదట్నుంచి చెప్పాడు.